స్పానిష్ ఆస్తుల పద్దులు ఇంగ్లీషులో ఎందుకు తడబడతాయి?

స్పెయిన్‌లో 2008కి ముందు తయారైన ఒక ఆస్తి అప్పుల పట్టీ, అంటే బ్యాలన్స్ షీట్, మీ ముందు ఉందనుకోండి. యంత్రాల కింద, తీసివేత గుర్తుతో "ప్రొవిసియోన్ పోర్ దెప్రెసియాసియోన్" అని ఒక పద్దు, దాని ఎదురుగా 40,000 యూరోలు. మాటకు మాట పెడితే ఇంగ్లీషులో అది "ప్రొవిజన్ ఫర్ డిప్రిసియేషన్" అవుతుంది. మన దగ్గర కామర్స్ చదివిన వారందరికీ ఆ పేరు తెలుసు. ఏటేటా రాసే తరుగుదలను యంత్రం ఖాతాలోంచి నేరుగా తగ్గించకుండా పక్కన పోగుచేసే ఖాతా అది. కాబట్టి యంత్రం ఇప్పటివరకు 40,000 యూరోల మేర అరిగిందని మనం అనుకుంటాం.

స్పెయిన్ అకౌంటెంట్ చెప్పినది అది కాదు. మామూలు తరుగుదలంతా వేరే పద్దులో రాసేశాక కూడా, పుస్తకాల్లో మిగిలిన విలువకు తగినంత ఆ యంత్రం నుంచి రాబట్టుకోలేమని, ఆ లోటు 40,000 అని ఆయన రాశాడు. ఇంగ్లీషులో దానికి ఇంపెయిర్‌మెంట్ అని పేరు. రెండు మాటలకూ నిఘంటువు ఇచ్చిన సమానార్థకాలే వాడినా, పద్దు అర్థం మాత్రం తారుమారైంది.

హైదరాబాదులో బహుళజాతి సంస్థల లెక్కలు చూసే కేంద్రాల్లో పనిచేసేవారికి, ఐరోపా కంపెనీలతో వ్యాపారం చేసేవారికి ఇలాంటి పట్టీలు ఇంగ్లీషు రూపంలోనే చేరతాయి. వాటిలో ఏ మాట ఎక్కడ నుంచి వచ్చిందో తెలియకపోతే అంకెలు సరిపోయినా లెక్క సరిపోదు.

పద్దుకు పేరు పెట్టేది నియమావళి

స్పెయిన్‌లో కంపెనీల లెక్కలను శాసించేది "ప్లాన్ హెనెరాల్ దే కొంతాబిలిదాద్", అంటే సాధారణ గణక ప్రణాళిక. మొదటిది 1973లో వచ్చింది. స్పెయిన్ ఐరోపా సముదాయంలో చేరాక, అక్కడి కంపెనీ చట్టాల నాలుగో ఆదేశానికి అనుగుణంగా 1990లో రెండోది తెచ్చారు. ఇప్పుడున్నది 2007 నవంబరులో రాజశాసనం 1514గా వెలువడి, 2008 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. చిన్న, మధ్య తరహా సంస్థలకు దీనికే కుదించిన రూపం ఒకటి ఉంది. 2016లో, 2021లో పెద్ద సవరణలు జరిగాయి.

ఇదికాక ఇంకో దారి కూడా నడుస్తోంది. ఐరోపా సంఘం 2002లో చేసిన నిబంధన ప్రకారం, స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీలు తమ గ్రూపు మొత్తం లెక్కలను 2005 నుంచి అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం, అంటే ఐఎఫ్ఆర్ఎస్ ప్రకారం చూపాలి. విడివిడి కంపెనీల లెక్కలు మాత్రం స్పెయిన్ ప్రణాళిక ప్రకారమే ఉంటాయి. అందువల్ల ఒకే గ్రూపు, ఒకే సంవత్సరం, ఒకే ఆస్తి గురించి రెండు నియమావళుల్లో రెండు పట్టీలు తయారుచేస్తుంది. రెండూ స్పానిష్‌లోనే. పద్దుల పేర్లు చాలావరకు ఒకటే. వాటి వెనక లెక్క కొన్నిచోట్ల వేరు.

స్పెయిన్ ప్రణాళికలో ప్రతి ఖాతాకూ ఒక సంఖ్య ఉంటుంది. 2తో మొదలయ్యేవి దీర్ఘకాలిక ఆస్తులు, 3 సరుకు నిల్వలు, 4 వ్యాపారంలో రావలసినవి, ఇవ్వవలసినవి, 5 నగదు, బ్యాంకు, ఇతర ఆర్థిక ఖాతాలు. చట్టప్రకారం ఈ సంఖ్యలు, ఖాతాల పేర్లు తప్పనిసరి కావు. అయినా దేశమంతా వాటినే వాడుతుంది. అక్కడి అకౌంటెంట్లు ఖాతాను పేరుతోకంటే సంఖ్యతోనే పిలుస్తారని చెప్పినా అతిశయోక్తి కాదు. 430 అంటే ఖాతాదారులు (అరువుకు కొన్నవారు), 572 అంటే బ్యాంకు.

అనువాదం చేసేవారికి ఈ సంఖ్య మంచి ఆధారమే కానీ ఒక షరతు ఉంది: ఏ ఏటి ప్రణాళికో తెలియాలి. ఖాతా 213నే తీసుకోండి. ఇప్పటి ప్రణాళికలో అది యంత్రాలు. 1990 ప్రణాళికలో అదే 213 గుడ్‌విల్, అంటే ఒక వ్యాపారాన్ని కొన్నప్పుడు దాని విడి ఆస్తుల విలువకు మించి ఇచ్చిన మొత్తం. ఖాతా 200 ఇప్పుడు పరిశోధన ఖర్చు, అప్పట్లో కంపెనీ స్థాపన ఖర్చు. పాత లెక్కలను కొత్త పట్టికతో పోల్చి అనువదిస్తే గుడ్‌విల్ కాస్తా లేతు మిషనుగా మారిపోతుంది.

స్థాపన ఖర్చుల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పాలి. 1990 ప్రణాళికలో "గాస్తోస్ దే ఎస్తాబ్లెసిమియెంతో" ఆస్తుల వైపు కనిపించేవి. దాన్ని "ఎస్టాబ్లిష్‌మెంట్ ఎక్స్‌పెన్సెస్" అని మారిస్తే భారతీయ పాఠకుడికి జీతాలు, ఆఫీసు నిర్వహణ ఖర్చులు గుర్తుకొస్తాయి. అవి ఆస్తుల్లో ఎందుకున్నాయో అర్థం కాక తల పట్టుకుంటాడు. నిజానికి అవి కంపెనీని రిజిస్టర్ చేయించి మొదలుపెట్టడానికి అయిన ఖర్చులు. మన పుస్తకాల్లో వాటిని ప్రిలిమినరీ ఎక్స్‌పెన్సెస్ అంటారు, ఐరోపా ఆదేశాల ఇంగ్లీషులో ఫార్మేషన్ ఎక్స్‌పెన్సెస్. 2007 ప్రణాళిక వాటిని ఆస్తుల జాబితా నుంచి తీసేసింది.

స్థిరమైనదంతా భూమి కాదు

"ఇన్మోవిలిసాదో" అంటే కదలకుండా కట్టిపడేసినది. కదలనిది అనగానే పొలం, ఇల్లు గుర్తుకు రావడం సహజం. తెలుగులోనూ ఈ చిక్కు ఉంది. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో స్థిరాస్తి అంటే భూమి, భవనం. అదే స్థిరాస్తి కామర్స్ పుస్తకంలోకి వస్తే లారీ కూడా అందులో చేరుతుంది. స్పానిష్‌లో ఈ రెండిటికీ వేర్వేరు మాటలున్నాయి. భూములు, భవనాలు "ఇన్ముయెబ్లెస్". వ్యాపారంలో దీర్ఘకాలం వాడుకోవడానికి డబ్బు కట్టిపెట్టినవన్నీ "ఇన్మోవిలిసాదో". కదిలే లారీ ఇన్మోవిలిసాదోలో ఉంటుంది, ఇన్ముయెబ్లెస్‌లో ఉండదు. రెండు మాటలూ ఒకేలా మొదలవుతాయి కాబట్టి తొందరలో ఉన్న అనువాదకుడు రెండిటినీ రియల్ ఎస్టేట్ చేసేస్తాడు.

చేత్తో తాకగలిగిన దీర్ఘకాలిక ఆస్తులు "ఇన్మోవిలిసాదో మతెరియాల్". ఐఎఫ్ఆర్ఎస్ ఇంగ్లీషులో దీన్ని ప్రాపర్టీ, ప్లాంట్ అండ్ ఎక్విప్‌మెంట్ అంటారు, బ్రిటిష్ సంప్రదాయంలో ట్యాంజిబుల్ ఫిక్స్‌డ్ అసెట్స్. భూములు, కట్టడాలు, యంత్రాలు, "ఉతియాహె" అనే అచ్చులు, పనిముట్లు, ఫర్నిచర్, కంప్యూటర్లు, వాహనాలు ఇందులో వస్తాయి. అద్దెకిచ్చి ఆదాయం పొందడానికో, ధర పెరుగుతుందనో ఉంచుకున్న స్థలాలు, భవనాలు మాత్రం ఇందులో ఉండవు. వాటికి "ఇన్వెర్సియోనెస్ ఇన్మోబిలియారియాస్" అని ప్రత్యేక పద్దు, ఇంగ్లీషులో ఇన్వెస్ట్‌మెంట్ ప్రాపర్టీ. ఫ్యాక్టరీ షెడ్డు ఒక పద్దులో, దాని పక్కనే అద్దెకిచ్చిన గోదాము ఇంకో పద్దులో ఉంటాయన్నమాట.

చేతికి చిక్కని ఆస్తులకు 1990 ప్రణాళిక పెట్టిన పేరు "ఇన్మోవిలిసాదో ఇన్మతెరియాల్". దాన్ని ఇంగ్లీషులో "ఇమ్మెటీరియల్" అన్నారంటే ఆడిటర్ నవ్వుకుంటాడు. ఆడిట్ భాషలో ఇమ్మెటీరియల్ అంటే పట్టించుకోనక్కర్లేనంత చిన్న మొత్తం. కోట్ల యూరోల పేటెంట్లు ఒక్క దెబ్బతో లెక్కకు రానివైపోతాయి. 2007లో పేరును "ఇంతాన్‌హిబ్లె" అని మార్చడంతో ఈ చిక్కు తొలగింది, పాత పత్రాల్లో మాత్రం అలాగే ఉంది.

ఈ పద్దులోనే "ప్రొపియెదాద్ ఇందుస్త్రియాల్" కనిపిస్తుంది. ఫ్యాక్టరీ స్థలం అనుకుంటే పొరపాటు. అది పేటెంట్లు, ట్రేడ్‌మార్కులు, డిజైన్ల మీద హక్కు. స్పెయిన్ చట్టంలో "ప్రొపియెదాద్ ఇంతెలెక్తువాల్" అంటే ముఖ్యంగా రచనలు, సంగీతం వంటివాటి కాపీరైట్, దానికి అనుబంధమైన హక్కులు. ఇంగ్లీషులో ఇంటెలెక్చువల్ ప్రాపర్టీ రెండిటినీ కలుపుకుంటుంది. అందుకే జాగ్రత్త గలవారు మొదటిదాన్ని పేటెంట్స్ అండ్ ట్రేడ్‌మార్క్స్ అని విడమర్చి రాస్తారు.

యంత్రం అరుగుదల, పేటెంట్ తగ్గుదల, బాకీ తీర్చడం: ఒక మాట, మూడు లెక్కలు

ఈ వ్యవహారంలో అన్నిటికంటే ఎక్కువ గందరగోళం "అమోర్తిసాసియోన్" చుట్టూ ఉంటుంది. ఇంగ్లీషులో యంత్రం వంటి వస్తువు అరిగితే డిప్రిసియేషన్, పేటెంట్ వంటి కనిపించని ఆస్తి విలువను ఏళ్ల మీద పంచితే అమార్టైజేషన్. స్పెయిన్ ఈ రెండిటికీ అమోర్తిసాసియోన్ అనే ఒక్క మాటే వాడుతుంది. కాబట్టి "అమోర్తిసాసియోన్ దెల్ ఇన్మోవిలిసాదో" అని లాభనష్టాల ఖాతాలో ఒకే వరుస ఉంటే, దాన్ని ఇంగ్లీషులో డిప్రిసియేషన్ అండ్ అమార్టైజేషన్ అని జంటగా రాయాల్సి వస్తుంది. మెక్సికో, అర్జెంటీనా వంటి దేశాల్లో యంత్రాలకు "దెప్రెసియాసియోన్" అనే మాట కూడా వాడుకలో ఉంది. అక్కడి పత్రాలకు నిఘంటువు కొంచెం ఎక్కువ సాయం చేస్తుంది.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. ఒక కంపెనీ 4,00,000 యూరోలకు యంత్రం కొన్నది. పదేళ్లు పనిచేస్తుందని, ఏటా సమానంగా అరుగుతుందని లెక్కవేసింది. ఏడాదికి 40,000. నాలుగేళ్ల తర్వాత పోగైన తరుగుదల, అంటే "అమోర్తిసాసియోన్ అకుములాదా", 1,60,000. పుస్తక విలువ 2,40,000. ఇంతలో మార్కెట్ మందగించి, ఆ యంత్రం నుంచి రాబట్టుకోగలిగింది 2,00,000 మాత్రమేనని తేలింది. తేడా 40,000. ఇప్పటి ప్రణాళికలో దీని పేరు "దెతెరియోరో", ఖాతా 291. పాత ప్రణాళికలో ఇదే "ప్రొవిసియోన్ పోర్ దెప్రెసియాసియోన్", ఖాతా 292.

పాత పేరును డిప్రిసియేషన్ అని అనువదించారనుకుందాం. ఇంగ్లీషు పాఠకుడు 1,60,000, 40,000 కలిపి మొత్తం తరుగుదల 2,00,000 అనుకుంటాడు. అసలు ధరలో సగం అయిపోయింది కాబట్టి యంత్రం వయసు ఐదేళ్లు, ఇంకో ఐదేళ్లలో కొత్తది కొనాలని అంచనా కడతాడు. నిజానికి గడిచింది నాలుగేళ్లు, మిగిలింది ఆరు. అంతటితో అయిపోదు. తరుగుదల వెనక్కి రాదు. విలువ పతనానికి కారణమైన పరిస్థితి తొలగితే మాత్రం దెతెరియోరోను పరిమితి మేరకు తిరగరాయవచ్చు. అప్పుడు అది లాభంగా కనిపిస్తుంది. తరుగుదల అనుకున్న పద్దు ఒక ఏడాది ఉన్నట్టుండి లాభంగా మారితే, లెక్కల్లో ఏదో మాయ జరిగిందని పాఠకుడికి అనుమానం రావడంలో వింతేమీ లేదు.

2007 ప్రణాళిక చేసిన మంచి పనుల్లో ఒకటి ఇక్కడే ఉంది. ఆస్తి విలువ పడిపోతే దెతెరియోరో అని, భవిష్యత్తులో చెల్లించవలసి రావచ్చని గుర్తించిన బాధ్యతకు మాత్రమే "ప్రొవిసియోన్" అని విడదీసింది. ఆస్తుల వైపు ప్రొవిసియోన్ పేరు కనిపించడం చాలావరకు తగ్గింది. కానీ పాత అలవాట్లు అంత తేలిగ్గా పోవు. మాటల్లో, లోపలి నివేదికల్లో రానిబాకీలకు ప్రొవిసియోన్ అనడం ఇంకా వింటాం.

అమోర్తిసాసియోన్‌కు మూడో లెక్క కూడా ఉంది: అప్పును కంతుల్లో తీర్చడం. "అమోర్తిసాసియోన్ దెల్ ప్రెస్తామో 60,000" అంటే ఆ ఏడాది తీర్చిన అసలు. ఇంగ్లీషులోనూ అప్పుల విషయంలో అమార్టైజేషన్ అనే వాడుక ఉంది కాబట్టి ఇక్కడ తప్పు కంటికి కనిపించదు, అదే ప్రమాదం. వడ్డీ, పన్ను, తరుగుదలలకు ముందున్న లాభాన్ని లెక్కకట్టే విశ్లేషకుడు తరుగుదలను లాభానికి తిరిగి కలుపుతాడు. అప్పు కంతును కూడా పొరపాటున అందులో వేశాడంటే, ఎప్పుడూ ఖర్చుగా రాయని 60,000 లాభంలోకి వచ్చి చేరుతుంది. రీపేమెంట్ అని రాసి ఉంటే ఈ ముప్పు ఉండదు. కంపెనీ తన సొంత వాటాలను రద్దుచేయడానికీ స్పానిష్‌లో అమోర్తిసాసియోనే వాడతారు. ఇంగ్లీషులో అది క్యాన్సిలేషన్.

గుడ్‌విల్‌కు దేశానికో పేరు

ఒక కంపెనీ విడి ఆస్తుల నికర విలువ 10 లక్షల యూరోలైతే, దాన్ని కొనడానికి 13 లక్షలు ఇచ్చారు. పైనున్న 3 లక్షలు పేరు, ఖాతాదారులు, ముందుముందు రాబోయే లాభాల మీద ఆశ. స్పెయిన్‌లో దీన్ని "ఫోందో దే కొమెర్సియో" అంటారు. మాటకు మాట చూస్తే వాణిజ్య నిధి. అనువాద యంత్రాలు అప్పుడప్పుడు దాన్ని ఫండ్ చేస్తాయి. నిధి అంటే ఎక్కడో బ్యాంకులో డబ్బుందని కదా అర్థం, ఇక్కడ ఉన్నది సరిగ్గా దానికి వ్యతిరేకం: ఇచ్చేసిన డబ్బు.

స్పెయిన్ దాటితే పేరు మారుతుంది. మెక్సికోలో "క్రెదితో మెర్కాంతిల్" అనే మాట ఉంది, కొలంబియా పాత లెక్కల్లోనూ అదే. అర్జెంటీనాలో "యావె దే నెగోసియో", వ్యాపారపు తాళంచెవి. ఐఎఫ్ఆర్ఎస్ ఫౌండేషన్ వెలువరించే స్పానిష్ అనువాదంలో "ప్లుస్వాలీయా". అసలు పేచీ ఈ చివరిదానితోనే. స్పెయిన్‌లో సామాన్యుడికి ప్లుస్వాలీయా అంటే ఆస్తి అమ్మితే వచ్చిన మూలధన లాభం. ఊళ్లో స్థలం అమ్మితే మునిసిపాలిటీ వేసే పన్నుకూ జనం వాడే పేరు అదే. ఒకే మాట లిమాలో గుడ్‌విల్, మాడ్రిడ్‌లో అమ్మకం మీద లాభం కావచ్చు. ఒకటి పుస్తకాల్లో ఉన్న ఆస్తి, ఇంకోటి చేతికొచ్చిన ఆదాయం.

ఇంత దూరం ఎందుకు వచ్చిందంటే, ఐఎఫ్ఆర్ఎస్‌కు స్పానిష్‌లో రెండు అధికారిక గొంతులు ఉన్నాయి. ఫౌండేషన్ అనువాదం లాటిన్ అమెరికా వాడుకకు దగ్గరగా "ప్రొపియెదాదెస్, ప్లాంతా ఇ ఎకీపో", "ఇన్వెంతారియోస్", "ప్లుస్వాలీయా" అంటుంది. ఐరోపా సంఘం తన అధికార పత్రంలో ప్రచురించిన అనువాదం స్పెయిన్ వాడుకకు దగ్గరగా "ఇన్మోవిలిసాదో మతెరియాల్", "ఎక్సిస్తెన్సియాస్", "ఫోందో దే కొమెర్సియో" అంటుంది. ఇంగ్లీషు మూలం ఒక్కటే. అర్జెంటీనా సంప్రదాయం ఈ రెండిటికీ ముందునుంచే వేరు. అక్కడ వాడుకోవడానికి ఉంచుకున్నవి "బియెనెస్ దే ఊసో", అమ్మకానికి ఉంచుకున్నవి "బియెనెస్ దే కాంబియో". నిజం చెప్పాలంటే ఆస్తి ఎందుకుందో పేరులోనే చెప్పే ఈ అర్జెంటీనా పద్ధతి నాకు అన్నిటికన్నా సూటిగా అనిపిస్తుంది. అయినా ఇంగ్లీషులోకి వచ్చేసరికి అవి కూడా ప్రాపర్టీ, ప్లాంట్ అండ్ ఎక్విప్‌మెంట్, ఇన్వెంటరీస్ కావలసిందే. కాంబియోను ఎక్స్ఛేంజ్ అని రాస్తే విదేశీ మారకం అనుకుంటారు.

పేరు కుదిరినా కొలత కుదరకపోవచ్చు. 2007 ప్రణాళిక ప్రకారం గుడ్‌విల్‌ను ఏటా తగ్గించుకుంటూ పోనక్కర్లేదు, విలువ పడిందేమో పరీక్షిస్తే చాలు. 2016 సవరణ దాన్ని మార్చింది. ఇప్పుడు ప్రతి కనిపించని ఆస్తికీ పరిమిత ఆయుష్షు ఉన్నట్టే. గుడ్‌విల్‌కు వేరే రుజువు లేకపోతే పదేళ్లు. పై ఉదాహరణలో 3 లక్షలకు ఏడాదికి 30,000 చొప్పున పోతుంది. ఐఎఫ్ఆర్ఎస్‌లో ఆ తగ్గింపు లేదు, పరీక్ష మాత్రమే. ఐదేళ్ల తర్వాత, విలువ పతనమేమీ లేకపోతే, స్పెయిన్ ప్రణాళిక పట్టీలో 1,50,000, ఐఎఫ్ఆర్ఎస్ పట్టీలో 3,00,000. రెండిటి మీదా ఇంగ్లీషులో గుడ్‌విల్ అనే రాసి ఉంటుంది. ఐఎఫ్ఆర్ఎస్ బాటలో నడిచే మన ఇండ్-ఏఎస్ (భారతీయ అకౌంటింగ్ ప్రమాణాలు) పద్ధతికి అలవాటైన కళ్లు రెండో అంకెనే ఆశిస్తాయి.

రావలసినది ఎవరి దగ్గర నుంచి?

స్వల్పకాలిక ఆస్తుల్లోకి వస్తే స్పానిష్ పద్ధతి ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. మొత్తానికి కాక మనిషికి పేరు పెడుతుంది. "క్లియెంతెస్" అంటే ఖాతాదారులు, "దెయుదోరెస్" అంటే బాకీదారులు. తెలుగులో రుణగ్రస్తులు, పాత భారతీయ పట్టీల్లో సండ్రీ డెటర్స్ అనడం ఇలాంటిదే. ఐఎఫ్ఆర్ఎస్ ఇంగ్లీషు మనిషిని వదిలి రావలసిన మొత్తాన్ని చూస్తుంది: రిసీవబుల్స్. ఈ రెండు స్పానిష్ మాటలూ ఒకటి కావు. కంపెనీ తన అసలు వ్యాపారపు సరుకు లేదా సేవ అరువుకు అమ్మితే 430, క్లియెంతెస్. అలా కాని ఇతర వ్యాపార సేవలకు రావలసినది 440, దెయుదోరెస్. టైల్స్ కంపెనీకి టైల్స్ కొన్నవాడు మొదటి పద్దులోకి, దాని గోదాములో ఒక మూల అద్దెకు తీసుకున్నవాడు రెండో పద్దులోకి వస్తారు.

"ఎఫెక్తోస్ కొమెర్సియాలెస్ ఎన్ కార్తెరా" అనే పద్దు చూసి, వాణిజ్య ప్రభావాలు ఏ సంచిలో ఉన్నాయో అని వెతకనక్కర్లేదు. ఎఫెక్తోస్ అంటే హుండీలు, ప్రామిసరీ నోట్లు. ఎన్ కార్తెరా అంటే బ్యాంకుకు ఇవ్వకుండా ఇంకా తమ దగ్గరే ఉన్నవి. మన కామర్స్ పాఠాల్లోని వసూలు బిల్లులే.

పన్నుల పద్దుల్లో "ఆసియెందా పూబ్లికా" అనే పేరు తరచు వస్తుంది. నవలల్లో ఆసియెందా అంటే పెద్ద ఎస్టేటు; ఇక్కడ ప్రభుత్వ ఖజానా. "ఆసియెందా పూబ్లికా, దెయుదోరా పోర్ ఇవా" అంటే ఖజానా మనకు బాకీ ఉన్న విలువ ఆధారిత పన్ను. జీఎస్టీ తెలిసినవారికి లెక్క కొత్తది కాదు. సాధారణ రేటు 21 శాతం. 10,000 యూరోల కొనుగోలు మీద కట్టిన 2,100 "ఇవా సొపొర్తాదో", అంటే భరించిన పన్ను, ఇంగ్లీషులో ఇన్‌పుట్ ట్యాక్స్. ఆ త్రైమాసికంలో అమ్మకాలు 6,000 మాత్రమే అయితే వసూలు చేసిన 1,260 "ఇవా రెపెర్కుతీదో", అవుట్‌పుట్ ట్యాక్స్. మిగిలిన 840 ప్రభుత్వం దగ్గర నుంచి రావలసినది కాబట్టి ఆస్తి. స్పానిష్ పేరు ఖజానాను బాకీదారుగా నిలబెడుతుంది. దాన్ని "ట్యాక్స్ డెటర్" అని కుదిస్తే కంపెనీయే పన్ను ఎగ్గొట్టినట్టు ధ్వనిస్తుంది. వ్యాట్ రికవరబుల్ అంటే గొడవ లేదు.

అడ్వాన్సుల్లో అయితే ఒక చిన్న విభక్తి తేడా పట్టీలో పక్షాన్నే మార్చేస్తుంది. "ఆంతిసీపోస్ ఆ ప్రొవేదోరెస్" సరఫరాదారులకు ఇచ్చిన అడ్వాన్సు, ఆస్తి. "ఆంతిసీపోస్ దే క్లియెంతెస్" ఖాతాదారుల నుంచి తీసుకున్నది, అప్పు. రెండిటినీ "సప్లయర్ అడ్వాన్సెస్", "కస్టమర్ అడ్వాన్సెస్" అని రాసేస్తే ఎవరు ఎవరికి ఇచ్చారన్నది గాలిలో కలిసిపోతుంది. "ఫియాంసాస్" కూడా ఇంతే. అద్దె ఇంటికి కట్టిన డిపాజిట్ "కొన్స్తితుయీదాస్" అయితే మన ఆస్తి, "రెసిబీదాస్" అయితే మనం తిరిగివ్వాల్సినది. కోర్టు వార్తల్లో ఫియాంసా జామీను కాబట్టి, అనువాదంలో బెయిల్ అని పడినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

సరఫరాదారులకిచ్చిన అడ్వాన్సులో ఇంకో మెలిక ఉంది. స్పెయిన్ ప్రణాళిక దాన్ని సరుకు నిల్వల పద్దులో, "ఎక్సిస్తెన్సియాస్" కింద చూపుతుంది. ఒక కంపెనీ ఎక్సిస్తెన్సియాస్ 6,40,000 యూరోలనుకుందాం. అందులో 80,000 ఇంకా చేరని ముడిసరుకుకు ఇచ్చిన డబ్బు. అమ్మిన సరుకు ఖరీదు రోజుకు 8,000. మొత్తాన్ని ఇన్వెంటరీస్ అని అనువదించి భాగిస్తే 80 రోజుల నిల్వ ఉన్నట్టు. అడ్వాన్సు తీసేస్తే 70. గోదాములో లేని పది రోజుల సరుకు పేరుతోనే పుట్టుకొచ్చింది.

చుక్క, కామా, బియోన్

స్పెయిన్‌లో వేలను చుక్కతో, దశాంశాన్ని కామాతో విడదీస్తారు. 3.520 అంటే మూడు వేల ఐదువందల ఇరవై. 3,52 అంటే మూడున్నర చిల్లర. పెద్ద కంపెనీల పట్టీ పైన "మీలెస్ దే ఎవురోస్" అని ఉంటే అంకెలన్నీ వేలల్లో. ఇక "బియోన్" ఇంగ్లీషు బిలియన్ కాదు. బిలియన్ మనకు వంద కోట్లు. బియోన్ లక్ష కోట్లు. బిలియన్‌ను స్పానిష్‌లో "మిల్ మియోనెస్", వెయ్యి మిలియన్లు అంటారు. లక్షలు, కోట్ల మీదుగా లెక్కవేసుకునే తెలుగువారికి ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది: బియోన్‌కు మన లక్ష కోట్లు సరిగ్గా సరిపోతుంది, మధ్యలో ఇంగ్లీషు అవసరమే లేదు.

ఏ ఇంగ్లీషు సరైనది?

ఇక్కడ అనువాదకులు, ఆడిటర్లు ఒక మాట మీద లేరు. స్థూలంగా మూడు వాదాలు వినిపిస్తాయి.

మొదటిది, అన్నిటికీ ఐఎఫ్ఆర్ఎస్ పేర్లే పెట్టాలని. చదివేవారు ఏ దేశంలో ఉన్నా ఆ పేర్లు తెలుసు. 2007 ప్రణాళికను రాసిందే అంతర్జాతీయ ప్రమాణాలకు దగ్గర కావడానికి. బలమైన వాదమే. దాని బలహీనత గుడ్‌విల్ ఉదాహరణలోనే చూశాం. ఐఎఫ్ఆర్ఎస్ పేరు కనిపించగానే ఐఎఫ్ఆర్ఎస్ కొలత కూడా ఉందని పాఠకుడు నమ్ముతాడు. అద్దె ఒప్పందాల విషయంలో ఈ నమ్మకం ఇంకా ఖరీదు. 2019 నుంచి ఐఎఫ్ఆర్ఎస్ చాలా అద్దె ఒప్పందాలను వినియోగ హక్కు ఆస్తులుగా పట్టీలోకి తెచ్చింది. స్పెయిన్ ప్రణాళికలో 2021 సవరణ కూడా దాన్ని చేర్చలేదు. ముప్పై దుకాణాలు అద్దెకు తీసుకుని నడిపే సంస్థ విడి పట్టీలో ఆ హక్కులు కనిపించవు, గ్రూపు పట్టీలో కనిపిస్తాయి.

రెండో వాదం ఐరోపా సంఘం అకౌంటింగ్ ఆదేశాన్ని ఆశ్రయిస్తుంది. 2013 నాటి ఆ ఆదేశం ఇంగ్లీషు, స్పానిష్ పాఠాలు రెండూ సమాన అధికారం గలవి. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే చాలు: ఉదాహరణకు ఎక్సిస్తెన్సియాస్‌కు ఎదురుగా స్టాక్స్. అనువాదకుడి సొంత తీర్పుకు పని ఉండదు. అయితే స్టాక్స్ అనగానే అమెరికా పాఠకుడు షేర్లు అనుకుంటాడు. చట్టపరంగా నిక్కచ్చిగా ఉన్నా చదివేవాడిని బట్టి తప్పుదోవ పట్టించగల పదాలివి.

మూడో వాదం ప్రకారం, సమానమైనది లేనిచోట సమానమైనట్టు నటించకూడదు. స్పానిష్ పేరు, ఖాతా సంఖ్య అలాగే ఉంచి, పక్కన ఒక వివరణ రాయాలి. కోర్టు వివాదాల్లో, కంపెనీ కొనుగోలు ముందు జరిపే పరిశీలనల్లో ఇది బాగా నడుస్తుంది. "దెరేచోస్ దే త్రస్పాసో" లాంటివాటికి వేరే దారి కూడా లేదు. నడుస్తున్న దుకాణపు అద్దె హక్కును పాత అద్దెదారు నుంచి డబ్బిచ్చి తీసుకోవడం అది. లీజ్‌హోల్డ్ అసైన్‌మెంట్ రైట్స్, కీ మనీ అని రకరకాలుగా రాస్తారు, ఏదీ పూర్తిగా అతకదు. కానీ ప్రతి వరుసకూ వివరణ పెడుతూ పోతే రెండు పేజీల పట్టీ ఇరవై పేజీలవుతుంది.

ఒక చిన్న ఊహా పట్టీ మీద ఈ మూడు వాదాలూ ఎక్కడ తగులుతాయో చూడవచ్చు. అంకెలు స్పెయిన్ పద్ధతిలోనే ఉంచాను.

ఇన్మోవిలిసాదో ఇంతాన్‌హిబ్లె: 120.000
ఇన్మోవిలిసాదో మతెరియాల్: 1.850.000
ఇన్వెర్సియోనెస్ ఇన్మోబిలియారియాస్: 300.000
ఎక్సిస్తెన్సియాస్: 640.000
దెయుదోరెస్ కొమెర్సియాలెస్: 510.000
పెరియోదిఫికాసియోనెస్: 12.500
ఎఫెక్తీవో: 87.500
మొత్తం ఆక్తివో: 3.520.000

రెండు, మూడు, ఐదు, ఏడు వరుసలకు ఐఎఫ్ఆర్ఎస్ పేర్లు నిశ్చింతగా పెట్టవచ్చని నా అభిప్రాయం. పెరియోదిఫికాసియోనెస్ అంటే వచ్చే ఏడాదికి చెందిన ఖర్చును ఈ ఏడాదే చెల్లించడం, ఉదాహరణకు బీమా ప్రీమియం. ప్రీపేమెంట్స్ అంటే అందరికీ తెలుస్తుంది, మాటకు మాటగా "పీరియడైజేషన్స్" అంటే ఎవరికీ తెలియదు. మొదటి వరుసలో గుడ్‌విల్ ఉంటే ఒక అధస్సూచిక కావాలి. నాలుగో వరుసలో అడ్వాన్సులు ఎంతో చెప్పాలి. అంటే వివాదమంతా ఎనిమిది వరుసల్లో రెండిటి దగ్గరే. ఆ రెండిటికోసం మిగతావాటినీ స్పానిష్‌లో వదిలేయడం అతి జాగ్రత్త, ఆ రెండిటినీ మిగతావాటిలా చూడడం అజాగ్రత్త.

వరుసల క్రమం కూడా పాఠకుడిని బట్టి ఇబ్బంది పెడుతుంది. స్పెయిన్ పట్టీ త్వరగా నగదుగా మారని ఆస్తితో మొదలై నగదుతో ముగుస్తుంది. మన కంపెనీల చట్టం మూడో షెడ్యూలు కూడా దీర్ఘకాలిక ఆస్తులను ముందు పెడుతుంది కాబట్టి మనకు ఇది సహజం. అమెరికా పట్టీ నగదుతో మొదలవుతుంది. అమెరికా బ్యాంకు కోసం అనువదించేటప్పుడు క్రమం తిప్పాలా వద్దా అన్నదానికి నాకు తెలిసిన జవాబు ఒకటే: తిప్పితే అది అనువాదం కాదు, కొత్త పట్టీ. ఆడిటర్ సంతకం పెట్టింది మొదటిదాని మీద.

స్పెయిన్ కంపెనీలు ప్రచురించే ఇంగ్లీషు లెక్కల పైన ఒక వాక్యం దాదాపు తప్పకుండా ఉంటుంది: ఇది స్పానిష్ మూలానికి అనువాదం, రెండిటి మధ్య తేడా వస్తే స్పానిష్ పాఠమే చెల్లుతుంది అని. అది లాయర్ల అలవాటు వాక్యంలా కనిపిస్తుంది కానీ దానికి పని ఉంది. డైరెక్టర్లు సంతకం చేసిన మూలం కంపెనీ ఏ ప్రావిన్సుకు చెందితే అక్కడి "రెహిస్త్రో మెర్కాంతిల్" అనే వాణిజ్య రిజిస్టరులో దాఖలవుతుంది, నామమాత్రపు రుసుము కట్టి ఎవరైనా దాని ప్రతి తీసుకోవచ్చు. ఇంగ్లీషు పట్టీలో డిప్రిసియేషన్ అంకె ఎక్కడో కొట్టినట్టు అనిపిస్తే, పోగైన తరుగుదల (ఖాతా 281) ఎంతో, దెతెరియోరో (ఖాతా 291) ఎంతో ఆ ప్రతిలో వెతకవచ్చు. పట్టీలో అవి విడిగా కనిపించవు, కానీ "మెమోరియా" అనే అనుబంధ వివరణలో స్థిరాస్తుల కదలికల పట్టిక ఉంటుంది.